ఎండపూట గిర్ని

హత్నూర దిక్కు ఒక ఊర్ల పిండి గిర్ని నడిపే పెద్దమ్మ రేకుల కప్పు మీద సోలార్ పెట్టించుకున్నది. "పగటీలి సోలార్ బందైతున్నది బిడ్డా" అని, దాన్ని బిగించిన నాకు రోజూ ఫోను. నేను పటాన్‌చెరుల పని ఒడగొట్టుకొని పొద్దు వాలేటప్పుడు పోతే, గిర్ని నడుస్తుండె, ఇన్వర్టర్ గూడ మంచిగనే ఉంటుండె.

చిర్రెత్తి ఒకనాడు మిట్టమధ్యాహ్నమే పోయిన. గిర్ని బందున్నది. ఇన్వర్టర్ మీద ఎర్రలైటు. మీటర్ పెట్టి చూస్తే, అది మళ్ల సురువైనప్పుడల్లా వోల్టేజీ రెండొందల అరవై దాటుతున్నది. గంతుంటే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతది.

"గిర్ని ఎందుకు ఆపినవ్?" అని కసిరిన.

"లైనుకు పోయిన కరెంటుకే గద పైసలొచ్చేది, మనమే వాడుకుంటే లైనుకు ఏం పోతది బిడ్డా? ఎండున్నంత సేపు ఫ్యాను గూడ ఎయ్య" అన్నది, మస్తు తెలివి చేసినట్టు.

కోపం మింగి గిర్ని నడపమన్న. బెల్టు తిరిగింది, వోల్టేజీ దిగింది, జెరసేపటికి పచ్చలైటొచ్చి అట్లనే నిలిచింది. ఇన్వర్టర్ నుంచి కరెంటు మీటరు దాక పోయే వైరు సన్నది, కరెంటంతా ఒక్కపారి దాంట్లకెళ్లి బయటికి తోస్తే వోల్టేజీ పొంగుతది అని చెప్పిన. "లావు వైరు తెచ్చేదాక పగటీలే గిర్ని నడుపు పెద్దమ్మా."

వారం దినాలకు వైరు చుట్ట బండి మీదేసుకొని పోయిన. గిర్ని ముందర జొన్నలు, మక్కల సంచులు, ఆడోళ్ల ముచ్చట్లు. "జెర మెయిన్ బంద్ చెయ్యాలె" అన్న.

పిండి చేతులతోనే నా మీదికొచ్చింది.

"గింత ఎండ పెట్టుకొని బంద్ చేస్తవా? పొద్దుగూకినంక రా!"