నూరేళ్లు నిండాలి

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అప్పటిదాకా ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ నా తోటికోడలే చదివి చెప్పేది. ఎల్బీనగర్‌లో మాది ఒకే ఇల్లు, పైన వాళ్లు, కింద మేము. కాగితం చేతికివ్వగానే ఆమె ముందు నా ముఖం చూసేది. తర్వాతే కాగితం చూసేది.

మా చెల్లెలి కూతురి పెండ్లి పత్రిక వచ్చినప్పుడు "శుక్రవారం" అని చదివింది. శుక్రవారం పొద్దున చీర పట్టుకుని పోచంపల్లిలో బస్సు దిగేసరికి పందిరి విప్పుతున్నారు. పెండ్లి బుధవారమే అయిపోయింది. మా చెల్లెలు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. తిరిగొచ్చి తోటికోడల్ని అడిగాను.

"అక్షరాలు సన్నగున్నయ్ చెల్లె. గంత అనుమానముంటే నువ్వే సదువుకోకపోయినవా," అంది.

ఆ మాట మీదే బడిలో చేరాను. పగలు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. వత్తులు కూడా వచ్చాక, ఒకరోజు టీచరమ్మ ఇంట్లో ఎవరికైనా ఒక కార్డు చేసివ్వమంది. "అట్ట మడవండి. పైన పువ్వు, లోపల ఒక్క ముక్క. పావుగంట పని," అంది. అందరూ మనవళ్లకు, మనవరాళ్లకు చేశారు. నేను తోటికోడలికి చేశాను. ఆ నెలలోనే ఆమెకు అరవై ఏళ్ల పండుగ. నేను రాసింది చదివి, మంచిగ రాసినవని ఆమె నోటితో ఒక్కసారి అనాలి. నాకు కావలసింది అదే.

చీర మడతలో పెట్టే అట్టను సగానికి మడిచాను. పికో చేసేటప్పుడు కత్తిరించిన జరీ కొసలను రేకుల్లా పేర్చి మైదా జిగురుతో అంటించాను. దానికి నిజంగానే పావుగంట పట్టింది. లోపలి మాటకు రెండు రోజులు పట్టింది. నిండు నూరేళ్లు బతకాలి అని రాయాలనుకున్నాను. ళ కింద ల వత్తు నాకు బాగా కుదురుతుంది. అందుకని నూరేళ్లు ముందు రాశాను, పెద్దగా. నిండు దగ్గరికి వచ్చేసరికి అట్ట అంచు కనబడింది. బతకాలికి చోటు లేదు. రెండూ కలిసొచ్చేలా నిండాలి అని ముగించాను. ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని రాసేవాళ్లకు తాము రాసిన మాట చెవిన పడదు.

పండుగనాడు పైన ఇల్లంతా చుట్టాలు. తోటికోడలు కార్డు తెరిచి నా ముఖం చూసింది. ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది.

"అక్కకు. నూరేళ్లు. నిండాలి."

అప్పుడు విన్నాను, నేనేం రాశానో.

"ఇన్నరా? మా యారాలు బడికి పోయి నా సావు రాసుకొచ్చింది," అంది.

"తారీకు గిట్ట ఏసిందేమో, జర సూడు," అన్నాడు ఆమె భర్త, మా బావ.

అందరూ నవ్వారు. నా భర్త వాళ్లకంటే ఎక్కువ నవ్వాడు. "ఏలిముద్రే నయముండె," అన్నాడు.

ఆమె ఆ కార్డును ఫ్రిజ్ తలుపుకు అంటించింది. పాలవాడి నుంచి పూజారి దాకా వచ్చినవాళ్లందరికీ చూపించింది. "మా యారాలు సదువు," అనేది. నేను బడి మానలేదు.

కొన్ని నెలలకు ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చిన రోజు, చెప్పులు విప్పకముందే, ఫ్రిజ్ మీది కార్డు పీకి చెత్తబుట్టలో వేసింది. నేను మెట్ల దగ్గర నిలబడి చూశాను.

మళ్లీ పుట్టినరోజు వచ్చింది. ఈసారి పట్టుచీర పెట్టెలోని పెద్ద అట్ట తీసుకున్నాను. పువ్వు నిరుటిదే. లోపల అవే మాటలు, అదే వరసలో, ఒక్క వత్తు వంకర పోకుండా రాశాను. బతకాలి అని రాయడానికి బోలెడంత చోటు మిగిలింది. రాయలేదు.

చుట్టాలంతా ఉండగానే ఇచ్చాను. ఆమె తెరిచింది.

"గట్టిగ సదువు అక్కా," అన్నాను.

ఆమె చదవలేదు. నా ముఖమూ చూడలేదు. కార్డు మూసి ఒడిలో పెట్టుకుంది.

"మంచిగ రాసినవ్ చెల్లె," అంది.