పత్తి గదిలో పాఠం

ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నా పని ఆపని మనిషిని నేను. కారులో చేశాను, రైల్లో చేశాను, ఆఖరికి పెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని కూడా చేశాను. కారు మాట నిజమే గాని, అప్పుడది మెకానిక్ షెడ్డులో ఆగి ఉంది. రైలు మాట పచ్చి అబద్ధం. బంతిలో కూర్చుని చేసింది భోజనం.

ఇంతకీ ఆ పనేమిటో చెప్పాలి. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక, చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలను రికార్డు చేసే ఒక హైదరాబాదు సంస్థకు పాఠాలు చదివి పంపుతున్నాను. ఒక ఫోను, చొక్కాకి తగిలించుకునే చిన్న మైకు, నా గొంతు. ఇంతే సరంజామా. అక్కడ ఒక అమ్మాయి వింటుంది. బాగుంటే ఉంచుతుంది, బాగోకపోతే "సార్, మళ్ళీ" అంటుంది. ఉద్యోగమంతా పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చదివించినవాణ్ణి, ఇప్పుడు ఆ మాట నేను వినాల్సి వచ్చింది.

మొన్న ఫిబ్రవరిలో మా ఆవిడ చుట్టాలిళ్ళన్నీ ఒకసారి తిరిగొద్దామంది. "దానికేం, తిరుగుతూనే పని చేసుకుంటాను, ఇప్పుడు లోకమంతా అలాగే చేస్తోంది" అన్నాను. ఆ లోకానికి చుట్టాలు లేరన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి మజిలీ పొన్నూరులో మా బావమరిది ఇల్లు. పొద్దున్నే ఒక గదిలో దూరి, ఫ్యాను ఆపి, తలుపేసుకుని చరిత్ర పాఠం మొదలుపెట్టాను. చక్రవర్తి యుద్ధభూమిలో నిలబడి పశ్చాత్తాపపడుతున్నాడు. తలుపు తెరుచుకుంది. బావమరిది భార్య.

"అన్నయ్యగారూ, ఒక్కరే కూర్చుని మాట్లాడుకుంటన్నారు, ఒంట్లో బాగానే ఉందా? టీ తాగుతారా?"

ఆ ముక్క కోసెయ్యాలని గట్టిగా అనుకుని, మరిచిపోయి పంపేశాను. మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసింది.

"సార్, చక్రవర్తిని టీ తాగుతారా అని అడుగుతున్నదెవరు?"

రెండో పాఠంలో వీధిలో ఉప్పు అమ్మేవాడి మైకు పడింది. అదీ వెనక్కి వచ్చింది. ఈసారి అమ్మాయి గొంతు కాస్త తగ్గించి మాట్లాడింది. "సార్, పైవాళ్ళు వేరే గొంతు చూద్దామంటున్నారు. నేనే ఆపాను. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా ఒక్క పాఠం శుభ్రంగా పంపండి. అది కూడా ఇలాగే వస్తే పుస్తకం మీ చేతిలో ఉండదు."

"పోతే పోయిందమ్మా, నాకు లక్ష పనులు" అందామనుకున్నాను. నాకున్న రెండో పని మాత్రలు వేసుకోవడం. రిటైరైన మనిషి మాట ఇంట్లోవాళ్ళు సగం వింటారు, బయటివాళ్ళు వింటున్నట్టు తల ఊపుతారు. ఎక్కడో ఒక పిల్ల చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని నా మాట మొదటి నుంచి చివరి దాకా వింటుందన్న ఊహ నాకు చాలా ఇష్టం. దాన్ని వేరే గొంతుకు వదులుకోబుద్ధి కాలేదు.

గురువారం ప్రత్తిపాడు దగ్గర మా తోడల్లుడి ఊరు చేరాం. ఆయన పత్తి, మిరప వేస్తాడు. శుక్రవారం పొద్దున చూద్దును కదా, వరండా నిండా మిరపకాయల రాశి, చుట్టూ కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళు. చివరి గదిలోకి పోయి చదవబోయాను. ఘాటు నాకన్నా ముందే అక్కడికి చేరింది. చక్రవర్తి శాంతి మార్గం పట్టిన చోట వరసగా తుమ్మాను. యాభై తుమ్ములు. సరే, ఏడెనిమిది ఉంటాయి.

వరండాలోంచి ఒకావిడ అంది. "మేస్టారికి మా కాయ పడలేదమ్మా. కారం లేని ఊరి మనిషేమో."

"కారం లేక కాదు, మర్యాద ఎక్కువై" అంది మా మరదలు. "బావగారూ, గట్టిగా చదవండి, మేమూ వింటాం. ఊరికే తొడిమలు తీస్తే నిద్దరొస్తంది."

మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెడదామంటే ఎదురుగా చర్చిలో ఉపవాస ప్రార్థన మొదలైంది. మైకు మా కిటికీ వైపే ఉంది. నేను ముక్కు మూసుకుని ఇంట్లో ఉన్న తలుపులన్నీ తోసుకుంటూ పోయాను. ఒక తలుపు లోపలికి జానెడే తెరుచుకుంది. దూరి చూస్తే గదంతా పత్తి. నేల నుంచి దూలాల దాకా తెల్లగా, తొక్కి నింపి ఉంది. ధర పెరుగుతుందని మా తోడల్లుడు సంక్రాంతికి ముందు నుంచి ఆపి ఉంచిన సరుకు. తలుపు పక్కన ఒక మనిషి పట్టేంత గుంట మాత్రం ఉంది. అందులో కూలబడి తలుపు మూసుకున్నాను.

ప్రార్థన ఆగిపోయింది. ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నిజానికి ఏదీ ఆగలేదు, నాకు వినిపించడం మానేసింది. అనుమానంతో అమ్మాయికి ఫోను చేశాను.

"సార్, మీ గొంతు ఎంత బాగా వస్తోందండీ. స్టూడియోకి వెళ్ళారా?"

"ఆఁ, గుంటూరులో. ఏసీ స్టూడియో."

"అయ్యో, అంత ఖర్చెందుకు సార్?"

"పిల్లల కోసం కదమ్మా" అన్నాను, గొంతు కాస్త గద్గదం చేసి. ఆ గద్గదం సగం నటన, సగం ముక్కులో దూది.

ఇక చదివాను చూడండి, నా జన్మలో అలా చదవలేదు. చెమట కారుతోంది, మెడ మీద ఏదో పాకుతోంది, అయినా ఒక్క అక్షరం తడబడలేదు. పాఠం సగానికి వచ్చేసరికి తలుపు తీసి మా తోడల్లుడు నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, బేరం కుదిరింది. లారీ వచ్చేసింది. లెగు."

"పాఠం అయిపోనీ తమ్ముడూ."

"మిల్లు గేటు ఆరింటికి మూస్తారు. ఇప్పుడు ఎత్తకపోతే లారీ వేరే ఇంటికి పోద్ది. ఈ ధర కోసం ఎన్నాళ్ళు చూశానో నీకు తెలవదా?"

తెలుసు. రాత్రి అన్నం తింటూ ఆయన చెప్పింది అదొక్కటే. నా పాఠం కోసం ఆయన పంట ఆపమనడానికి నోరు రాలేదు. మధ్యేమార్గం చెప్పాను. "నేను ఈ మూల కూర్చుని చదువుకుంటాను. మీరు అటువైపు నుంచి ఎత్తుకోండి, మాట్లాడకుండా."

ముఠావాళ్ళు దిగారు. బరువులెత్తే మనుషుల్ని మాట్లాడకుండా ఉండమనడం ఎంత తెలివితక్కువో నాకే తెలుసు. వాళ్ళ మేస్త్రి నన్ను పైకీ కిందకీ చూశాడు.

"ఏంది మేస్టారూ, పత్తికి పాఠం చెప్తన్నారా? పాసవుద్దా?"

"నువ్వు నోరు మూసుకుంటే ఫస్టు క్లాసులో పాసవుద్ది."

నిజంగానే మూసుకున్నారు, పాపం. దుప్పట్లలో పత్తి మూట కట్టి, కాలి చప్పుడు లేకుండా దొంగల్లా మోసుకుపోయారు. నేను కళ్ళు పుస్తకంలోంచి ఎత్తకుండా చదివాను. ఆఖరి పేజీ ముగించి తల ఎత్తితే నా చుట్టూ నాలుగు గోడలు, నా కింద గుప్పెడు దూది. పాఠం పంపాను. అప్పటికి నాలుగు దాటింది.

పది నిమిషాల్లో ఫోను మోగింది.

"సార్, మొదట్లో అద్భుతంగా ఉంది. పోను పోను మీరు బావిలోకి దిగుతున్నట్టుంది. ఆఖరి పేజీ పూర్తిగా నూతిలోంచి వస్తోంది. స్టూడియోలో ఏమైంది?"

"స్టూడియో అమ్ముడుపోయిందమ్మా."

ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. గుంటూరు లేదు, స్టూడియో లేదు, మా తోడల్లుడి పత్తి గది, ఇప్పుడది ఖాళీ.

"మరి ఏసీ సార్?"

"చెమట ఉంది. ఏసీ లేదు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత పనిలో పడింది. "ఆఖరి పేజీ ఒక్కటీ మళ్ళీ చదవండి సార్. ఆ పాత గొంతే రావాలి. ఐదు దాటితే నా చేతిలో ఉండదు."

పాత గొంతు కావాలంటే పాత పత్తి కావాలి. అది ఇంటి ముందు లారీలో ఉంది. పరిగెత్తుకుంటూ బయటికి వెళ్ళాను. నా పరుగు అంటే మీరు మరోలా ఊహించుకోకండి, ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి మోకాలి మీద.

"లారీ ఎక్కించండి నన్ను" అన్నాను మేస్త్రితో.

"ఎందుకండీ, మిల్లుకి అమ్ముతారా మిమ్మల్ని?"

"ఏమండీ, ఈ వయసులో అదేంటండీ" అని మా ఆవిడ వాకిట్లో నిలబడి తల పట్టుకుంది. డ్రైవరు మాత్రం వాచీ చూసుకుని, "నేను టీ తాగొచ్చేలోపు కానీయండి మేస్టారూ" అన్నాడు. ఇద్దరు కింద నుంచి నెట్టారు, ఒకడు పైనుంచి లాగాడు. నడుం దాకా పత్తిలో కూరుకుపోయాను. మేస్త్రి నా తల మీదుగా పరదా లాగి, "గాలాడకపోతే కాలితో తన్నండి" అన్నాడు.

ఆఖరి పేజీ ఆ చీకట్లో ఫోను వెలుగులో చదివాను. లారీ హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుండగా చదివానని తర్వాత పొన్నూరులో చెప్పుకున్నాను. నిజానికి లారీ చక్రం కదల్లేదు. నేను దిగాకే డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి బయల్దేరాడు.

దిగిన నన్ను చూసి మా మరదలు, "బావగారూ, మీ మీసాలకి పత్తి విరగ్గాసింది, మనుషుల్ని పెట్టి తీయించాలి" అంది. తొడిమలు తీసేవాళ్ళందరూ నవ్వారు. నేను ఫోను వంక చూస్తూ మెట్ల మీద కూర్చున్నాను. ఐదుకు కాస్త ముందు మెసేజి వచ్చింది. "బాగుంది సార్. పుస్తకం మీదే. మిగతా పాఠాలు కూడా ఇదే గొంతుతో పంపండి."

ఇదే గొంతుతో అంటే పత్తి కావాలి, ఇంకా అరపుస్తకం ఉంది. మా తోడల్లుడిని పక్కకు పిలిచాను. "తమ్ముడూ, ఈ వీధిలో ఇంకా పత్తి అమ్మనివాళ్ళెవరు?"

"మూడిళ్ళల్లో ఉంది. ఇంకా పెరుగుద్దని చూస్తన్నారు. ఏం, బ్రోకరువయ్యావా?"

సాయంత్రం ఆ మూడిళ్ళకూ వెళ్ళి పలకరించాను. అందరూ ఒకటే అడిగారు, ధర పెరుగుతుందా మేస్టారూ అని. తప్పకుండా పెరుగుతుందన్నాను, తొందరపడి అమ్ముకోవద్దన్నాను. ధర పెరగాలని మనస్ఫూర్తిగానే కోరుకున్నాను, కాకపోతే నా ఆఖరి పాఠం అయ్యాక పెరగాలని.