అప్ప గదికి బయట గడియ

మా మేనల్లుడు దాన్ని సేఫ్టీ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను మూడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తూ, దొరికిన పాత పేపరల్లా కూడబలుక్కుని చదువుకున్నాను. అంచేత మాటని పట్టి చూడకుండా వదలడం నాకు చేతకాదు. మనిషిని గదిలో పెట్టి బయట గడియ వేస్తే దాన్ని తెలుగులో బంధించడం అంటారు. సేఫ్టీ అనరు.

ఆ గదిలో ఉన్నది మా అప్ప. వాడికి తల్లి, నాకు అక్క. ఎనభై దాటింది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఈ మధ్య మతిమరుపు బాగా ముదిరింది. పోయిన వేసవిలో చెప్పులైనా లేకుండా బయటికెళ్ళి ఎలమంచిలి బస్సెక్కేసింది. టిక్కెట్టు లేదని కండక్టరు దారిలో దించేస్తే, హైవే మీద లారీల మధ్య నిలబడి ఉందట. తెలిసినవాళ్ళెవరో చూసి తీసుకొచ్చారు. ఆ మర్నాడే తలుపుకి బయట గడియ బిగించారు.

మా నాన్నకి పశువుల్ని ఆపడానికి ఎన్ని మాటలుండేవో! మెడకి పలుపు. ముక్కుకి ముకుతాడు. చెరుకు కొరక్కుండా మూతికి చిక్కం. దారి తప్పే ఆవు మెడలో వేలాడదీసే కర్ర గుదిబండ. ముందుకాళ్ళు రెండూ కలిపి కట్టేది బందం. దేని పని దానిదే, దేని వేళ దానిదే. తోట దాటగానే చిక్కం తీసెయ్యాలి. బందం వేసినవాడు సాయంత్రం తన చేత్తోనే విప్పాలి. విప్పకుండా అన్నానికి కూర్చుంటే మా నాన్న కంచం లాగేసేవాడు.

మనుషులకీ మాటలున్నాయి. నాయకుడి గేటు ముందు పోలీసులు నిలబడితే గృహనిర్బంధం అని లావుపాటి అక్షరాలతో వేస్తారు. స్టేషనుకి పట్టుకుపోతే అదుపులోకి తీసుకున్నారంటారు. కరోనాలో మా వీధికి అడ్డంగా కర్రలు కట్టినప్పుడు కట్టడి అన్నారు. పేరంటూ ఉంది కాబట్టి, ఎప్పుడు తీస్తారయ్యా అని నిలబెట్టి అడిగేవాళ్ళం. సేఫ్టీని ఎప్పుడు తీస్తారని ఎవరిని అడగను?

మేనల్లుణ్ణే అడిగేను.

"బందం ఏసినోడు సాయంత్రానికి ఇప్పుతాడురా. నువ్వెప్పుడు ఇప్పుతావు?"

"మా అమ్మేటి, గొడ్డా మామా, అలాగ మాటాడతావు?"

"గొడ్డయితే ఈపాటికి ఇప్పీసుందువు."

వాడు స్కూలు వ్యాను తోలతాడు. వాడి పెళ్ళాం తెల్లారకుండానే బట్టల కంపెనీ బస్సెక్కుతుంది. ఒకరు మానేస్తే ఇల్లు గడవదు. అదీ నాకు తెలుసు. వాడు లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటి సెయ్యమంటావో నువ్వే సెప్పు మామా. గడియ తీసీమంటే ఇప్పుడే తీసీత్తాను. మళ్ళీ రోడ్డెక్కిందనుకో, ఎనకాల నువ్వు పరిగెడతావా?"

నా మోకాళ్ళకేసి చూస్తూ అన్నాడు.  నా దగ్గర పెట్టుకుందామంటే నాది మేడ మీద గది. నేనే మెట్టు మెట్టుకీ కూర్చుని దిగుతాను.

కోడలు టీ గ్లాసు చేతికిస్తూ మెల్లగా అంది: "పగలల్లా తలుపు బాదతాదంట మావయ్యా. పక్కింటోలు సెప్పేరు. ఆ సప్పుడు నాకు మిషను కాడ కూడా ఇనబడతాది."

మర్నాడు చీకటితోనే వెళ్ళేను. సరాసరి గదిలోకెళ్ళి అప్ప మంచం పక్కన కూర్చున్నాను.

"గడియెట్టీయమ్మా, ఇద్దరి మీదా" అన్నాను కోడలితో.

"బాగోదు మావయ్యా."

"బస్సెల్లిపోతాది. ఎట్టీ."

చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టి బయటికెళ్ళింది. తర్వాత గడియ పడింది. ఆ చప్పుడు బయటినుంచి వినడం వేరు, లోపలినుంచి వినడం వేరు. ఇన్నేళ్ళు మాటలు ఏరుకున్నవాణ్ణి, దానికి మాత్రం నా దగ్గర మాట లేదు.

ఆ రోజు అప్ప తలుపు బాదలేదు. నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"నువ్వు ఎవుడి సేలో పడ్డావురా తమ్ముడా?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పరాయివాడి చేలో పడి మేసిన పశువుల్ని మా ఊళ్ళో బందెలదొడ్లోకి తోలేవారు. సొంతదారు వచ్చి విడిపించుకుపోయేదాకా అవి అక్కడే. అప్ప తనని అందులో పెట్టారనుకుంటోంది. ఇప్పుడు నన్నూ తోలేరనుకుంటోంది.

"ఏడవకురా" అని నా తల నిమిరింది. "పొద్దుగూకేలోగా మనోలు ఎవులో ఒకలు వత్తారు. ఇడిపించుకుపోతారు."

మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళలో అప్ప కాక మిగిలింది నేనొక్కణ్ణే. ఆ నేను లోపలే ఉన్నాను.

"వత్తారప్పా" అన్నాను.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. వీధిలో ఏ కాస్త అలికిడైనా ఇద్దరం తలుపుకేసి చూస్తాం.