చక్రం ఒంపుకు కుట్టిన పరుపు

మా బండి వెనక తలుపు తీసినప్పుడల్లా ముందుగా ఓ వాసన బయటికి వస్తుంది. ఎండకు వేడెక్కిన రెక్సిన్, కాస్త డీజిలు, ఈమధ్యనే వేసిన రంగు, వీటన్నిటి అడుగున పొడిగా, కొంచెం తియ్యగా, కొత్తగా ఏకిన పత్తి వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నేను అద్దంకిలో జాకెట్లు కుట్టే కొట్టు నడుపుకుంటున్న నలభై దాటిన మనిషినన్న సంగతి మర్చిపోతాను. మోకాళ్ళ నిండా దుమ్ము, జుట్టులో దూది పోగులు, చేతిలో సగం కొరికిన పచ్చి మామిడికాయతో కిటికీలోంచి తల బయటపెట్టి చూసే పిల్లనైపోతాను.

బండి అంటే మామూలు బండి కాదు, చక్రాలున్న ఇల్లు. మా ఆయన బాజీ ఏళ్ళ తరబడి బడిపిల్లల్ని తిప్పిన వ్యాను పాతబడి, స్కూలువాళ్ళు వదిలించుకుంటుంటే తనే కొనుక్కున్నాడు. సీట్లు పీకించి, ఓ వైపు మంచం, ఇంకో వైపు గ్యాసు పొయ్యి, చిన్న సింకు, పైన నీళ్ళ ట్యాంకు, మూలన బీరువా అంత బాత్రూము పెట్టించాడు. గిన్నెల అరలకు గొళ్ళేలు కూడా బిగించాడు. వీధివాళ్ళంతా వచ్చి చూశారు. "శుభ్రంగా స్లాబిల్లు పెట్టుకుని బండిలో పడుకోవడం ఏం సరదా?" అని ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. నా చిన్నప్పటి వేసవులన్నీ అలాంటి ఇంట్లోనే గడిచాయని, అంత వైభోగం నాకు మళ్ళీ ఏ ఇంట్లోనూ దొరకలేదని ఆవిడకు నిలబెట్టి చెబితే అయ్యే పనా?

మేం దూదేకులవాళ్ళం. పత్తి ఏకి పరుపులు, బొంతలు, దిళ్ళు కుట్టడం మా నాన్న సైదులు వృత్తి. చేలల్లో పత్తి తీతలు అయిపోయి, రైతులు మేలైన పత్తి కొంత అమ్మకుండా ఇంటి అవసరానికి అట్టిపెట్టుకునే రోజుల దగ్గర్నుంచి, పెళ్ళిళ్ళ కాలం ముగిసి తొలకరి పడేదాకా అమ్మా నాన్నా ఊరూరూ తిరిగేవాళ్ళు. మొదట్లో సైకిలు మీద తిరిగారట. నాకు ఊహ తెలిసేసరికి నాన్న ఓ పాత ఐసు వ్యాను కొన్నాడు. ఐసు కరిగిపోకుండా దాని గోడలు జానెడు మందాన ఉండేవి. కిటికీలు లేవు. నాన్న రెండు పక్కలా, డ్రైవరు సీటు వెనకా రేకు కోయించి కిటికీలు పెట్టించాడు, అమ్మ పరుపు గుడ్డల్లో మిగిలిన చారల ముక్కలతో వాటికి తెరలు కుట్టింది. బయట మిరప కల్లాల్లో జనం ఎండకు మాడిపోతుంటే మా ఇంట్లో మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉండేది.

బడి ఉన్నన్నాళ్ళూ నేను నాయనమ్మ దగ్గర ఉండేదాన్ని. పరీక్షల ఆఖరి రోజున బడి గోడ అవతల ఆ వ్యాను హారను మోగేది. గొంతు బొంగురుపోయిన మేకపోతు అరిచినట్టుండే ఆ హారను విని క్లాసంతా నవ్వేది. నవ్వితే నాకేం, మరుసటి వారానికి వాళ్ళంతా అవే గోడలు చూస్తూ కూర్చుంటారు, నేను రోజుకో ఊళ్ళో నిద్ర లేస్తాను.

నిజంగానే నా కిటికీ అదే గానీ అందులో కనిపించేది ఏ రెండు రోజులూ ఒకేలా ఉండేది కాదు. ఓ పొద్దున తెర తీస్తే ఎవరిదో గేదె ముఖం, నెమరు వేస్తూ నావైపే చూస్తూ. ఇంకో పొద్దున కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, వాటి మీద వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, ఆ ఘాటుకు తెర తీసిన మరుక్షణమే నాకు తుమ్ముల మీద తుమ్ములు. ఒంగోలు వైపు వెళ్ళినప్పుడు పొగాకు ఆకును పొయ్యి వేడికి ఆరబెట్టే బ్యారన్ గదుల పక్కన ఆగేవాళ్ళం. ఆ వెచ్చటి, తేనె కలిసినట్టుండే వాసన తెరలకు పట్టి వారం రోజులు వదిలేది కాదు. దాంతో నేనూ నాన్నా ఓ ఆట కనిపెట్టాం. నేను కళ్ళు గట్టిగా మూసుకోవాలి, వాసన బట్టి ఏ ఊరి దగ్గరున్నామో చెప్పాలి. తడి రాతిపొడి వాసనైతే గ్రానైటు గనుల చీమకుర్తి, గొంతులో సున్నం దిగినట్టుంటే సున్నపు బట్టీల దాచేపల్లి. ఊరికే వేపపూత వాసనొస్తే మాత్రం నాన్నకూ తెలిసేది కాదు, ఇద్దరం కలిసి ఓడిపోయేవాళ్ళం.

ఊరు మారినప్పుడు సామాను సర్దుకోవడం, ఏదన్నా మర్చిపోయామా అని వెనక్కి తిరిగి చూసుకోవడం మా ఇంట్లో లేనే లేవు. మర్చిపోదామన్నా కుదరదు, ఇల్లే వెంట వచ్చేది. పొద్దున చింతచెట్టు పడమటి వైపు నీడలో ఉన్న వ్యానును మధ్యాహ్నం దాటగానే నాన్న తూర్పు వైపుకు జరిపేవాడు. "ఎండొస్తే లోకమంతా మనుషులు జరుగుతారమ్మాయ్, మనకైతే ఇల్లే జరుగుద్ది" అని స్టీరింగు వెనక నుంచి జమీందారులా నవ్వేవాడు. ఇక పక్కింటివాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊరికో డజను మంది. వ్యాను ఆగీ ఆగకముందే ఆడవాళ్ళు వచ్చి మెట్టు మీద కూర్చునేవాళ్ళు, అమ్మ చేతికి ఇంత గోంగూర, ఇన్ని మునక్కాయలు అందించి, కిందటేడు చెప్పుకుంటూ ఆపేసిన కబురు సరిగ్గా అక్కడి నుంచే అందుకునేవాళ్ళు.

నాన్న ఏకే విల్లు ఆయన కంటే పొడుగు. దాన్ని కొమ్మకు వేలాడదీసి, పత్తి కుప్పలో నారి ఆనించి, కొయ్య గుండుతో కొడితే టంయ్... టంయ్... మని ఊరి చివరిదాకా వినపడేది. గడ్డకట్టిన పత్తి ఆ దెబ్బకు ఉలిక్కిపడి గాల్లోకి లేచేది. మధ్యాహ్నానికి నాన్న జుట్టు, మీసాలు, కనుబొమలు తెల్లగా నెరిసిపోయేవి, సాయంత్రం బోరింగు కింద తల పెట్టగానే మళ్ళీ నల్లబడేవి. రోజూ మా నాన్న ముసలివాడై రోజూ కుర్రవాడవడం చూడటం నాకెంతో ఇష్టంగా ఉండేది.

పీర్ల పండుగ ఒకటి రెండేళ్ళు వేసవి సెలవుల్లోనే పడింది. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పండుగే మా పండుగ. అమ్మ వ్యాను పక్కన రాళ్ళపొయ్యి పెట్టి రొట్టెలు కాల్చి, వేడి మీదే చిదిపి, బెల్లం, కొబ్బరి, ఇంత నెయ్యి వేసి చేత్తో పిసికి మలీదా చేసేది. ఊదు పొగలో నిలబడి, పీర్ల ముందు మలీదా పెట్టి దువా చదివే చదివింపులు అయ్యేదాకా ఆగడం నా వల్ల అయ్యేది కాదు. కులం మతం లేకుండా ఊళ్ళో పిల్లలంతా మా మెట్టు చుట్టూ మూగితే, వాళ్ళందరి ముందూ ఇంటివాళ్ళ పిల్లననే దర్జాతో పంచిపెట్టేదాన్ని.

ఇంత వైభోగంలోనూ ఒక్కటే వింత. వ్యాను నిండా పత్తే, అయినా మేం చాప మీదే పడుకునేవాళ్ళం. ఎవరి పత్తితో కుట్టిన పరుపు మీద వాళ్ళే ముందు పడుకోవాలి, కుట్టినవాడు కూడా దాని మీద నడుం వాల్చకూడదు, అది నాన్న పట్టింపు. ఓసారి ఎవరి పెళ్ళికో కుట్టిన పరుపు మీద నేను ఊరికే చెయ్యి వేసి నొక్కి చూస్తే, "పెళ్ళికూతురి కంటే ముందు నువ్వేందే" అని అమ్మ నా చెయ్యి లాగేసింది.

అమ్మకైతే చాప మీద నడుం వాల్చే యోగం కూడా బండి ఆగినప్పుడే. బండి కదిలిందంటే ఆమె పని మొదలు. కూరగిన్నె ఒళ్ళో, నీళ్ళ బిందె మోకాళ్ళ మధ్య, ఓ చేత్తో పైన ఊగే విల్లు, రెండో చేత్తో కిరసనాయిలు స్టవ్వు. గతుకు వచ్చినప్పుడల్లా అన్నీ ఒక్కసారే ఎగిరేవి, అన్నిటినీ ఒక్కసారే పట్టుకునేది. చీమకుర్తి దారిలో రాతి లారీలు తవ్వేసిన గుంటల్లో మరీ ఘోరం. "మీ తండ్రీకూతుళ్ళు బండెక్కి ఊరేగుతున్నారు, నేను బండిని మోస్తన్నా" అనేది. ఒకరోజు మాత్రం కోపంగా కాదు, మెల్లగా అంది: "ఒక్కసారన్నా ఈ బండి పోతా ఉంటే కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఉందయ్యా."

నాన్న అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. "నీకూ ఓ పరుపు కుడతాలే, మస్తానమ్మా."

అమ్మ నమ్మినట్టు తలూపింది. కానీ మా చేతికి వచ్చే పత్తి ఎప్పుడూ ఎవరిదో ఒకరిదే అయ్యేది. ఈలోగా బజార్లలో ఫోము పరుపుల కొట్లు వెలిశాయి, పత్తి ఇంట్లో అట్టిపెట్టుకునే రైతులు తగ్గిపోయారు. ఓ వానాకాలం ఐసు వ్యాను ఇంజను మొరాయించి, ఆఖరికి పాత ఇనుము కింద పోయింది. నాన్న మిరపకాయల కోల్డు స్టోరేజీలో కాపలా పనికి కుదిరాడు. విల్లు అటక ఎక్కింది. అమ్మకు కదలని ఇల్లు, నులక మంచం దక్కాయి. ఇన్నేళ్ళలో ఆ పరుపు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

అందుకే కొత్త బండి తయారయ్యాక, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్న అమ్మతో "మొదటి ప్రయాణం నీతోనేనమ్మా" అంటే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె మెట్టు కూడా ఎక్కలేదు.

"మళ్ళీ ఆ గిన్నెలు పట్టుకుని కూర్చోమంటావా? నా వల్ల కాదు తల్లీ. మీరు పోయి రండి" అంది. గొళ్ళేలు చూపించాను, బాత్రూము చూపించాను, బిందె మోయక్కర్లేదని ట్యాంకు చూపించాను. చీకటి పడేదాకా ఆగి చెట్ల చాటు వెతుక్కున్న మనిషికి ఆ బాత్రూము ఒక్కటే చాలనుకున్నాను. "బానే ఉంది" అని అటు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుకుంది. ఆమె రాకపోతే నాకా బండి ఎందుకు? నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నాన్న ఆ మాటలన్నీ వసారాలో కూర్చుని విన్నాడు. మర్నాడు బాజీ చేత అటక మీది విల్లు దింపించాడు. అప్పటికి బండిలో పరుపు సమస్య ఒకటి అట్లాగే ఉంది. మంచం తల దగ్గర చక్రం పై భాగం లోపలికి బుడిపెలా పొడుచుకొచ్చింది, ఆ ఒంపుకు సరిపోయే పరుపు ఏ కొట్లోనూ దొరకలేదు. నాన్న మూరలతో, జానలతో కొలుచుకున్నాడు, జిన్నింగు మిల్లు నుంచి గింజ తీసిన పత్తి తెప్పించాడు, డాబా మీద పందిరి గుంజకు విల్లు కట్టాడు. టంయ్ మనగానే వీధిలో పిల్లలంతా ఫోన్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చేశారు. నాలుగు దెబ్బలు కొట్టి నాన్న ఆగేవాడు, ఆయాసం తీర్చుకుని మళ్ళీ కొట్టేవాడు. "ఈ వయసులో నీకెందుకయ్యా ఇది?" అని అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి తిట్టేది, తిట్టి అక్కడే కూర్చునేది. సాయంత్రం స్నానం చేసి వచ్చాక చూశాను, నాన్న జుట్టు ఇప్పుడు తెల్లగానే ఉంటోంది.

పరుపు చక్రం ఒంపులోకి చేతికి తొడుగులా కూర్చుంది. బాజీ మురిసిపోయి దాని మీద వాలబోయాడు.

"ఆగు బాజీ" అన్నాడు నాన్న. "కుట్టించుకున్నోళ్ళే ముందు పడుకోవాల."

"కుట్టించుకుంది మేమే కదా మామా?"

"మీరెక్కడ? ఐసు బండి రోజుల్లోనే మీ అత్త కుట్టించుకుంది. ఇయ్యడమే నేను ఆలస్యం చేశా."

బండి గుమ్మం బయట నిలబడ్డ అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ మాటలకేం తక్కువ లేదు" అంటూ మెట్టెక్కింది.

బాజీ స్టీరింగు ముందు కూర్చున్నాడు, అట్లా బయల్దేరాం. ఇప్పుడు దారి పొడుగునా చూస్తే ఎన్నో లేవు. పొగాకు బ్యారన్లు చాలావాటికి పైకప్పులు లేవు. ఏ చెట్టు కిందా విల్లు మోగడం లేదు. ఆ మోత ఎట్లా ఉంటుందో ఊళ్ళలో పిల్లలకు చెప్పాలంటే నోటితోనే చేసి చూపించాలి. కల్లాల్లో మిరపకాయలు మాత్రం అంతే ఎర్రగా ఉన్నాయి, నాకు అవే తుమ్ములు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. తడి రాతిపొడి వాసన తగలగానే "చీమకుర్తి" అన్నాను. "ష్" అన్నాడు నాన్న. అమ్మ కాళ్ళు బారచాపుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

అంతలో రాతి లారీల గుంట ఒకటి వచ్చి బండి ఎగిరింది. అరల్లో గిన్నెలు గలగలమన్నాయి. కళ్ళు తెరవకుండానే, నిద్రలోనే, అమ్మ రెండు చేతులూ గాల్లోకి లేచాయి. పక్కనే కింద కూర్చున్న నాన్న ఆ చేతులను పట్టుకుని మెల్లగా పరుపు మీద పెట్టి, గొళ్ళెం వేసే ఉన్న గిన్నెల అర తలుపుకు తన అరచెయ్యి ఆనించాడు.

"నేను పట్టుకున్నాలే మస్తానమ్మా, పడుకో."