పెనుకొండ కోర్టులో అవతలి మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. ఇప్పుడు ఇది రాస్తున్నానని నా బుద్ధి మారిందనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

అరవైల్లో నేను మలయా నుంచి వచ్చి హిందూపురంలో కాలేజీలో చేరాను. పుట్టింది పెనాంగులో. మా నాయన పుట్టిందీ అక్కడే. ధర్మవరంలో మగ్గం వదిలేసి ఓడెక్కినవాడు మా తాత. ఇంట్లో మాట్లాడేది ఈ సీమ మాటే అయినా నా చేతిలో ఉన్నది వేరే దేశం పాసుపోర్టు. అందుకని హాస్టల్లో నన్ను "మలయా దొర" అనేవాళ్ళు. రాగిసంగటి మింగడం తెలియక దొరగారు నములుతుంటే, మెస్సులో పిలిచి మరీ ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. మొదటి ఏడాది అంతా అట్లా నవ్వులపాలయ్యాను. ఎండాకాలంలో పెనాంగు సముద్రం గాలి గుర్తొచ్చేది.

నాకు హాస్టల్లో సీటిచ్చింది టెన్నిస్ కోసం. జట్టులో ఉన్నంతకాలం ఉండు, లేకపోతే లేదు అని ప్రిన్సిపాలు ముందే చెప్పేశాడు. సీటు పోతే చదువు పోయినట్టే. ధర్మవరంలో మా తాత అన్న కొడుకు, నాకు వరసకు పెద్దనాయన, ఉన్నాడు గానీ, ఆ ఇంట్లో మగ్గాలకు పోగా మిగిలిన చోట్లో మనుషులు సర్దుకుని పడుకునేవాళ్ళు. నన్ను కూడా ఉంచుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను? మద్రాసు పోయి మళ్ళీ ఓడెక్కడమే.

మా నాయన పెనాంగులో తెల్లవాళ్ళ క్లబ్బులో మార్కరు. అంటే, జోడీ దొరకని మెంబరుతో ఆడే నౌకరు. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. బంతిని దొర చేతికే అందించాలి. దొర ఎక్కువ పరిగెత్తకూడదు, ఓడకూడదు, వీడు కావాలని ఓడుతున్నాడని ఆయనకు తెలియనూ కూడదు. నాయన అందులో ఆరితేరినవాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. తనకు వచ్చిందే కదా నేర్పుతాడు!

దాంతో నా ఆట చూడటానికి ముచ్చటగా ఉండేది, గెలవడానికి మాత్రం పనికొచ్చేది కాదు. అవతలివాడు ఎక్కడుంటే నా బంతి అక్కడికే పోయేది. మా కెప్టెన్ శివారెడ్డి తాడిమర్రి మనిషి, నోరు మంచిది కాదు.

"ఏమబ్బా, వాడేమన్నా నీ మేనమామనా? బంతి తీసుకపోయి వాని చేతికే పెడతాండావు!" అని కోర్టు బయటి నుంచి అరిచేవాడు.

నేను సిగ్గుపడి, మళ్ళీ అక్కడికే కొట్టేవాణ్ణి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మావాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

చలికాలంలో పెనుకొండలో అనంతపురం జట్టుతో పోటీ పెట్టారు. ఇది ఓడితే నీ పేరు కొట్టేస్తానని శివారెడ్డి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. ముందురోజు సాయంత్రమే రైల్లో పోయి సత్రంలో దిగాం. అందరూ హాయిగా నిద్రపోయారు. నాకు కంటి మీద కునుకు లేదు.

తెల్లవారుతుండగా రాకెట్టూ ఒక బంతీ తీసుకుని, పోటీ జరిగే క్లబ్బుకు నడిచాను. కాపలా ఉండే ఓబులప్ప గేటు తీశాడు. పోటీ కోసం కోర్టంతా ఎర్రమట్టి, పేడనీళ్ళతో అలికి పెట్టారట. ఈ పక్క ఆరిందని, ఆ పక్క ఇంకా పచ్చిగానే ఉందని చెప్పాడు.

"ఈడనే ఆడుకో. ఆ పక్క మాత్రం తొక్కొద్దప్పా," అని గేటు మూసి, బీడీ ముట్టించుకుని అక్కడే కూర్చున్నాడు.

కొండ మీది కోట కనబడలేదు. మంచు కిందిదాకా దిగింది. నెట్టు వరకు కనబడుతోంది, ఆ తర్వాత అంతా తెలుపే. బంతిని నేలకేసి కొట్టుకుంటూ ఊరికే నిలబడ్డాను. ఏదో ధ్యాసలో ఒక్కటి కొడితే, అది కాస్తా నెట్టు దాటి మంచులోకి పోయింది. ఇంకేముంది, తెచ్చుకోవాలంటే ఆ పచ్చి నేల తొక్కాల్సిందే అనుకున్నాను.

బంతి తిరిగి వచ్చింది.

నాకు భయం వేయలేదు. కలలో ఏదీ వింతగా అనిపించదు చూడండి, అట్లా ఉండింది. నేనూ కొట్టాను. మళ్ళీ వచ్చింది. రాకెట్టు చప్పుడును బట్టి ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిసేది. అలవాటు కొద్దీ అక్కడికే పంపేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను ఒకసారి ఈ మూలకు, ఒకసారి ఆ మూలకు ఉరికించాడు. మంచులోంచి బంతి మెల్లగా తేలి వచ్చినట్టే ఉండేది, అందుకుందామంటే అందేది కాదు. అందని బంతి వెనక గోడకు తగిలి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చేది. ఎంతసేపు ఆడామో చెప్పలేను.

ఉరికీ ఉరికీ నాకు కోపం వచ్చింది. ఆటలో నాకు కోపం రావడం అదే మొదటిసారి. ఎదుటివాడు ఎవరైతే నాకేం అనిపించింది. ఆయన లేని వైపు చూసి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. అవతల అడుగుల చప్పుడు ఉరికింది, ఆగింది. బంతి తిరిగి రాలేదు. తృప్తిగా ఎవరో పెద్దగా ఊపిరి వదిలినట్టు వినబడింది.

ఎండ పడి మంచు విడిపోయింది. అవతల ఎవరూ లేరు. ఓబులప్ప తిట్టుకుంటూ వచ్చాడు.

"తొక్కొద్దంటే వింటివా? ఎవరప్పా ఆ రెండో ఆయప్ప? నేను గేటు తీయనేల్యా, యాడ నుంచి వచ్చినాడు?"

రెండు రాకెట్ల చప్పుడు తనకూ వినబడిందన్నాడు. పచ్చి నేల నిండా చెప్పుల్లేని అడుగులు. నేను నెట్టు దాటలేదు, నా కాళ్ళకు బూట్లున్నాయి. ఒక్కో చోట కుడికాలి బొటనవేలు నేలను గీసుకుంటూ పోయిన గీత ఉంది. బంతికి వంగినప్పుడు నాయన కాలు అట్లాగే గీస్తుంది. క్లబ్బులో మార్కర్లకు బూట్లు లేవు. ఆ గీతలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

అప్పుడు వేసింది భయం. అక్కడ పెనాంగులో నాయనకు ఏమైందో అని. ఓబులప్ప సణుక్కుంటూ మళ్ళీ అలికేశాడు.

ఆ పూట పోటీలో నేను గెలిచాను. అనంతపురం అబ్బాయి పాపం నిలబడిన చోట ఒక్క బంతీ పడలేదు. శివారెడ్డి ఎత్తుకుని తిప్పాడు. సీటు నిలిచింది. నాకు మాత్రం సంతోషం లేదు, టెలిగ్రాం వస్తుందేమోనని రోజూ గుమ్మం వైపే చూపు. రాలేదు. నాయన బాగానే ఉన్నాడని తర్వాత ఉత్తరంలో తెలిసింది. జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు.

వేసవిలో నాయన ధర్మవరం వచ్చాడు. ఈ దేశం ఆయన చూడటం అదే మొదలు. పెద్దనాయన మగ్గం పక్కన కూర్చుని, అడగకుండానే తనే ఒక కల సంగతి ఎత్తుకున్నాడు.

"మొన్న చలికాలంలో జరమొచ్చి ఆస్పత్రిలో పడుంటిని కదన్నా. ఒకనాడు తెల్లారుజామున కల వచ్చింది. ఎర్ర నేల, అంతా మంచు. అవతల ఎవడో, మొగం కనపడల్యా. బంతి తెచ్చి నా చేతికే ఇస్తాండాడు. నన్నేమన్నా దొర అనుకున్నాడా వీడు అని నాకు యాడలేని కోపమొచ్చింది. నాలుగు మూలలా ఉరికించినా."

పెద్దనాయన మగ్గం ఆపి నవ్వాడు. "కలలోనన్నా గెలిస్తివా లేదా?"

"ల్యా. ఆఖర్న వాడు కొట్టింది నాకు అందల్యా. ఎంత ఉరికినా అందల్యా," అన్నాడు నాయన. "నా జల్మలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదన్నా."

నేను లేచి వీధిలోకి పోయి ఏడ్చాను.

దయ్యమందామంటే మనిషి బతికే ఉన్నాడు. ఇంకేమనాలో ఈ వయసులో కూడా నాకు తెలియదు. ఆ అవతలివాడు నేనేనని నాయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే, కన్నబిడ్డను అట్లా ఉరికించినానే అని బాధపడే మనిషి ఆయన.