గనిపేటకి పసుపు పూసిన సాంబయ్య

సాంబయ్య జీవితంలో కోరుకున్నది ఒక్కటే, మిరపతోటకి నీళ్ళు. జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్ళే దారిలో మూడెకరాల మెట్ట అతనిది. పైన కాస్త మట్టి, కింద సున్నపురాయి. డెబ్భై అయిదు వేసవిలో బావి మొదలుపెట్టాడు. రెండు నిలువులు దిగేసరికి బండ పడింది. పలుగు వేస్తే నిప్పురవ్వలు తప్ప చెమ్మ లేదు.

ఆ వారమే ఒక సర్వే జీపు ఆగింది. అందులోంచి దిగిన ఆఫీసరు గట్టున పోసిన రాళ్ళలో ఒకటి తీసి, చిన్న సీసాలోంచి దాని మీద ఏదో చుక్క వేశాడు. రాయి బుసబుసా నురగ కక్కింది. ఆయన "బాగుంది" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద ఒక పట్నం లేచింది.

ఏం బాగుందో ఎవరికీ తెలీదు. సిమెంటు అన్నారు కొందరు. పరిటాల పక్క వానలు పడగానే జనం వజ్రాలు వెతుకుతారు కాబట్టి ఇవీ వజ్రాలే అన్నారు ఇంకొందరు. నురగ కక్కింది కాబట్టి అణుబాంబు సరుకన్నాడు బడి పంతులు. మూడూ ఒకేసారి నమ్మినవాళ్ళే ఎక్కువ. మళ్ళీ వచ్చినప్పుడు ఆఫీసరు బావి ఒడ్డున ఒక రాయి పాతించి, సున్నం కొట్టించి, ఎర్రరంగుతో నంబరు వేయించాడు. "కొలతలన్నీ ఇక్కణ్ణించే. దీన్ని కదపొద్దు. మేం వచ్చేదాకా బావి కూడా ఆపు, పెద్దాయనా."

సాంబయ్య ఆపేశాడు. అతని భార్య పున్నమ్మ ఒప్పుకోలేదు.

"నారుకి నీళ్ళు వాళ్ళొచ్చి పోస్తారా?"

"పిచ్చిదానా, గని పడితే మిరపకాయలు కొనుక్కుతింటాం."

"కొనుక్కుతినే మొహమేనా ఇది?"

జగ్గయ్యపేటలో కిరాణా వ్యాపారం చేసే వెంకటకృష్ణారావు రోడ్డుపక్క బీడు కొని, తాళ్ళు లాగి, ముగ్గుపోసి, గనిపేట అని బోర్డు పెట్టాడు. టీ కొట్టు వచ్చింది, సైకిలు షాపు వచ్చింది, లాడ్జికి పునాదులు లేచాయి. గాంధీ బొమ్మకి దిమ్మె కట్టారు. కండక్టర్లు "గనిపేట, గనిపేట" అని కేకలు పెట్టేవాళ్ళు. దిగినవాళ్ళు గని ఎక్కడండీ అంటే సాంబయ్య బావి చూపించేవాళ్ళు. ఆ ఎండుగుంటలోకి తొంగిచూసి, ఏదో అర్థమైనట్టు తలూపి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. భూమాత గర్భం, నిధి నిక్షేపాలు అని టీ కొట్టులో ఉపన్యాసాలు నడిచేవి. వినడానికి బాగానే ఉంటాయి. మెట్ట రైతుకి మాత్రం భూమి పండితే చేను, లేకపోతే రాళ్ళు.

సాంబయ్యకి అసలు భయం పక్కచేను రామకోటేశ్వరరావుతో. ఆ ప్రాంతంలో గట్టురాళ్ళకి కాళ్ళుంటాయి. ఏటా దుక్కి అయ్యేసరికి జానెడు అటో ఇటో నడుస్తాయి. ఒక పొద్దున సర్వేరాయి మొదట్లో మట్టి కుళ్ళగించి ఉంది. రాయి పక్కచేలోకి పోతే గనీ అటే పోతుందని సాంబయ్య లెక్క. ఇంటికెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చి, రాయి నిండా పూసి, రెండు వేపమండలు పెట్టి వచ్చాడు. ఇక ముట్టుకునే మొగాడెవడు?

ఎవడూ ముట్టుకోలేదు. మొదటి కొబ్బరికాయ రామకోటేశ్వరరావే కొట్టాడు. గనులమ్మ అని పేరుపెట్టారు. వెంకటకృష్ణారావు రేకుల కప్పు వేయించాడు. శుక్రవారం శుక్రవారం పసుపు పేరుకుని రాయి లావెక్కింది.

మరుసటేడు జీపు వచ్చింది. ఆఫీసరు పటం విప్పుకుని, "ఇక్కడ మా రాయుండాలే" అన్నాడు.

"రాయి లేదండి, అమ్మవారుంది," అన్నాడు రామకోటేశ్వరరావు.

"కాస్త కడిగితే నంబరు చూసుకుంటాం."

ఆడవాళ్ళు కొంగులు బిగించారు. "మా అమ్మకి మీరు నీళ్ళు పోస్తారా?"

ఆయన సాంబయ్య వంక చూశాడు. నిజం చెబితే రాయి కదులుతుంది, చెప్పకపోతే జీపు కదులుతుంది. తేల్చుకునేలోపు జీపు కదిలింది. మళ్ళీ రాలేదు. పసుపు వల్లే పోయిందా, రాయి నాసిరకమా, అసలు రావాలనే లేదా, ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీ ఇంకెక్కడో లేచిందని విన్నారు.

గనిపేట ఎంత తొందరగా లేచిందో అంత నెమ్మదిగా పోయింది. ముందు సైకిలు షాపు, తర్వాత టీ కొట్టు. కండక్టర్ల కేకలు ఆగాయి. ఎనభై రెండుకి లాడ్జి పునాదులు, గాంధీ దిమ్మె మీద ఒక మేక మిగిలాయి.

పున్నమ్మ మళ్ళీ బావి మాట ఎత్తింది. బండ పేల్చడానికి నందిగామ నుంచి తిరుపతిరావుని పిలిపించారు. మందుగుండు పనిలో చెయ్యి తిరిగినవాడు. ఒడ్డున గనులమ్మని చూడగానే సామాను సర్దుకున్నాడు.

"అమ్మవారి పక్కన మందు పెట్టను. నాకూ పిల్లలున్నారు."

సాంబయ్య ఇక దాచలేకపోయాడు. జనం అందరి ముందు చెప్పేశాడు. "అది అమ్మా కాదు ఏమీ కాదు. సర్వేరాయి. పసుపు పూసింది నేనే."

ఒక్కరూ నమ్మలేదు. "నువ్వెవడివిరా బావా పూయడానికి? అమ్మే పూయించుకుంది నీ చేత," అన్నాడు రామకోటేశ్వరరావు. ఎండదెబ్బేమోనని ఎవరో మజ్జిగ ఇచ్చారు.

అప్పుడు పున్నమ్మ ముందుకొచ్చింది. "రాత్రి అమ్మ కల్లోకొచ్చిందండి. ఇక్కడ ఎండగా ఉందంట, గనిపేట బజార్లో కూచుంటానంది."

అందరూ ఒక్కసారే చేతులు జోడించారు. డప్పులతో తీసుకెళ్ళి గాంధీ దిమ్మె మీద ప్రతిష్ఠించారు. మేకని దించారు.

మందు పేలింది. బండ పగిలి నీళ్ళు పడ్డాయి. చల్లటివి, కాస్త సున్నపు రుచి. చోటు మారినందుకు అమ్మ ఇచ్చిన నీళ్ళన్నారు ఊళ్ళోవాళ్ళు.

సాంబయ్య అద్దెకి తెచ్చిన ఆయిలింజను ఒడ్డున దించి బావిలోకి తొంగిచూశాడు.

"ఏమే, నీకు నిజంగా కలొచ్చిందా?"

"నువ్వు నిజంగా పసుపు పూశావా?"

"పూశాననే అనుకుంటున్నా," అన్నాడు.

"సరే, అనుకుంటూనే ఇంజను తిప్పు. నారు ఎండిపోతోంది."