ముందే చెప్పిన అక్క

ఆమె నగర పాలక కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసేది. ఊళ్లో జనం ఏయే పనుల మీద బతుకుతున్నారో చూసి, చుట్టుపక్కల ప్రాంతంతో పోల్చడం ఆమె ఉద్యోగం. తమ్ముడు గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర మేస్త్రీ. నిప్పు ముందు నిలబడి నిలబడి అతని మొహం ఎప్పుడూ కందిపోయి ఉండేది. "మావాడు సిగ్గరి అనుకుని మీవాళ్లు పిల్లనిచ్చారు," అని ఆమె మరదలిని ఆటపట్టించేది.

ఒక ఏడు పోలిక పూర్తిచేశాక ఆమె అంకెలన్నీ రెండోసారి సరిచూసుకుంది. చుట్టుపక్కల గాజు పని చేసేవాళ్లు నూటికి ఒకరైనా లేరు. ఊళ్లో ప్రతి మూడో మనిషిదీ అదే పని. ఊరు దాటితే ఉన్నదల్లా కూరగాయల సాగు, గోదాములు, కోల్డ్ స్టోరేజీలు.

పెద్దాఫీసరు మురిసిపోయాడు. "గాజులో మనల్ని కొట్టేవాళ్లు లేరన్నమాట. ఇది మొదటి పేజీలో వెయ్యండి."

"పడిపోతే పట్టుకునేవాళ్లు కూడా లేరండి," అందామె. ఆయన అప్పటికే ఫోనెత్తాడు.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్లింది. "ఇంకో పనేదైనా నేర్చుకోరా. డ్రైవింగో, కరెంటు పనో. ఊరంతా ఒకే పొయ్యి మీద వండుకుంటోంది."

"ఆ పొయ్యి ఆరదులే అక్కా. నువ్వు కాగితాల్లో చూస్తున్నావు, నేను కళ్లారా చూస్తున్నా," అని నవ్వేశాడు.

మరుసటి ఏడు తిరక్కముందే ఫ్యాక్టరీ మూతపడింది. కొలిమి ఆర్పేసరికి లోపల మిగిలిన గాజు గడ్డకట్టుకుపోయింది. ఇక దాన్ని వెలిగించడం ఎవరి తరమూ కాదన్నారు. గేటు ఎదుటి టీకొట్టు, పక్కనే మంగలి షాపు, సైకిల్ షాపు ఒకదాని వెనక ఒకటి తలుపులు దించేశాయి. ఏ ఇంటి ముందు చూసినా అమ్మకం బోర్డే, కొనే నాథుడు లేడు. తమ్ముడు చుట్టుపక్కలంతా కాళ్లరిగేలా తిరిగాడు. ఎక్కడికెళ్లినా తన ఫ్యాక్టరీవాళ్లే ముందుగా వచ్చి నిలబడి ఉండేవాళ్లు. చివరికి ఒక కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే పని దొరికింది. బతుకంతా సెగలో గడిపిన మనిషి మంచుగదిలో పడ్డాడు. మొదటి చలికాలంలోనే దగ్గు పట్టుకుంది. ఇక వదల్లేదు.

అక్క మందులు తెస్తే తీసుకునేవాడు. పలకరిస్తే మాత్రం పలికేవాడు కాదు. ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది. "నామీద కోపమెందుకురా? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. ముందే చెప్పావు. నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. కొన్నాళ్లు రాకక్కా."

ఆమె వెళ్లడం మానేసింది. మరదలే ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి మందులు తీసుకెళ్లేది.

మళ్లీ పోలిక వేసేనాటికి ఊరికీ చుట్టుపక్కలకీ తేడా లేకుండా పోయింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఇప్పటికి తూకం కుదిరింది," అన్నాడు. ఆమె సెలవడిగి ఆస్పత్రికి బయల్దేరింది. డాక్టరు ఇంటివాళ్లందరినీ రమ్మన్నాడని మరదలు పొద్దున్నే ఫోన్ చేసింది.

వార్డులో తమ్ముడు కళ్లు తెరిచి ఆమెను చూశాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని అతని కాళ్ల దగ్గర కూర్చుంది. పొమ్మనడానికి అతనికి ఓపిక లేకపోయింది.